కావలి బస్సు గంజాయి కేసు: కుర్రాడి తరఫున ట్రయల్‌కి ముందు ఏమేం చూసుకోవాలి?

కావలి జూనియర్:

సీనియర్లకు నమస్కారం. లీగల్ ఎయిడ్ నుంచి ఒక ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల చట్టం) ఫైలు వచ్చింది. క్లుప్తంగా రాస్తున్నాను.

ఏ1 కనిగిరి వైపు కుర్రాడు, ఆధార్ ప్రకారం 19. విశాఖ వైపు నుంచి చెన్నై పోయే ప్రైవేటు బస్సును తెల్లవారుజామున 5:30కి కావలి దాటాక హైవే మీద ఆపారు. డిక్కీలో ఒక ట్రాలీ బ్యాగు, అందులో బ్రౌన్ టేపు చుట్టిన 10 ప్యాకెట్లు. పంచనామాలో ‘బ్యాగుతో సహా తూకం వేయగా 21.200 కేజీలు’ అని ఉంది. మధ్యవర్తులు (పంచనామా సాక్షులు) ఇద్దరూ వీఆర్వోలు. పంచనామా 6:00కి మొదలై 8:00కి ముగిసింది. సరుకు ఇచ్చినవాడు ఏ2, చెన్నైలో తీసుకోవాల్సినవాడు ఏ3, ఇద్దరూ పరారీ. సెక్షన్ 20(బి)(2)(సి) (కమర్షియల్ పరిమాణంలో గంజాయి) రెడ్ విత్ 8(సి), 29 (కుట్ర). చార్జిషీటు 172వ రోజున పడింది కాబట్టి డిఫాల్ట్ బెయిలు (గడువులోపు చార్జిషీటు పడకపోతే వచ్చేది) దారి మూసుకుపోయింది. కుర్రాడు చెముడుగుంట సెంట్రల్ జైల్లో ఉన్నాడు. ల్యాబ్ రిపోర్టుతో సహా కాపీలు అందింది పోయిన వారమే. చార్జెస్ ఇంకా ఫ్రేమ్ కాలేదు.

సందేహాలు:
1. వంటి తనిఖీకి ముందు సెక్షన్ 50 నోటీసు (మేజిస్ట్రేట్ లేదా గెజిటెడ్ అధికారి ముందు తనిఖీ కోరే హక్కుందని చెప్పేది) సరిగా ఇవ్వలేదు, అచ్చు కాగితం మీద సంతకం మాత్రం ఉంది. ఇదే ప్రధాన డిఫెన్స్‌గా పెట్టుకోవచ్చా?
2. శాంపిళ్ళు రోడ్డు మీదే తీశారు. 52ఎ కింద మేజిస్ట్రేట్ ముందు ఇన్వెంటరీ (సరుకు జాబితా ధ్రువీకరణ) తర్వాత జరిగింది. దీంతో కేసు పోతుందా?
3. ‘ఒప్పేసుకుంటే చిన్న వయసని తక్కువ శిక్ష వేస్తారు’ అని జైల్లో ఎవరో చెప్పారట, వాళ్ళ నాన్న అదే పట్టుకుని కూర్చున్నాడు. ఏం చెప్పాలి?

పెన్నా బ్యారేజి:

మూడో ప్రశ్నతో మొదలుపెడదాం. అది ఈ రోజే తేలాలి.

ఒప్పుకోవద్దని ఆ తండ్రికి గట్టిగా చెప్పండి. గంజాయికి 20 కేజీలు దాటితే కమర్షియల్. కనీస శిక్ష 10 ఏళ్ళు, గరిష్ఠం 20. జరిమానా లక్షకు తగ్గదు, 2 లక్షల వరకు పోవచ్చు. జడ్జి గారికి ఎంత జాలి కలిగినా పదేళ్ళలో ఒక్క రోజు తగ్గించే అధికారం లేదు. 18 నిండినవాడికి సెక్షన్ 33 వల్ల ప్రొబేషన్ (జైలు లేకుండా మంచి నడవడి షరతు మీద వదలడం) వర్తించదు. 32ఎ వల్ల రెమిషన్ (శిక్షా కాలంలో తగ్గింపు) లేదు. ప్లీ బార్గెయినింగ్ (ఒప్పుకుని తక్కువ శిక్షకు మాట్లాడుకోవడం) ఏడేళ్ళకు మించిన నేరాలకు లేదు. జైల్లో ఆ సలహా ఇచ్చినవాడి కేసు బహుశా కేజీ లోపుది అయివుంటుంది. దానికి గరిష్ఠమే ఏడాది, ఒప్పుకుంటే ఉన్న రోజులతో సరిపెట్టడం అక్కడ కుదురుతుంది. అదే మాట పట్టుకుని 21 కేజీల కేసులో ఒప్పుకుంటే పదేళ్ళు రాసిచ్చినట్టే.

ఇక సెక్షన్ 50. పక్కన పెట్టండి. 50 వంటి తనిఖీకి సంబంధించింది, బ్యాగుకు కాదు. 2005లో పవన్ కుమార్ కేసు, మళ్ళీ 2023లో రంజన్ కుమార్ చద్దా కేసు ఇదే చెప్పాయి. వంటి మీద ఏమీ దొరక్కుండా సరుకంతా బ్యాగులోనే దొరికితే, వంటి తనిఖీలో లోపమున్నా బ్యాగులోని సరుకు కొట్టుకుపోదని 2019లో బల్జిందర్ సింగ్ కేసులో తేల్చేశారు. అలాగే 42 కూడా. పబ్లిక్ బస్సు, నడిరోడ్డు కాబట్టి ఇది సెక్షన్ 43 తనిఖీ. ముందస్తు సమాచారం రాసి పై అధికారికి 72 గంటల్లో పంపలేదన్న వాదన ఇక్కడ నిలవదు. పట్టుకున్న అధికారే దర్యాప్తు చేశాడన్న 2018 మోహన్‌లాల్ తీర్పును ఇంకా కొందరు జేబులో వేసుకుని తిరుగుతున్నారు. 2020లో ముకేష్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని పక్కన పెట్టేసింది.

మీ కేసు రెండు చోట్ల ఉంది. ఒకటి తూకం, రెండు డిక్కీ.

తూకం: ‘బ్యాగుతో సహా’ అని వాళ్ళే రాసిచ్చారు. అంతకన్నా ఏం కావాలి? మామూలు ట్రాలీ బ్యాగు ఖాళీగా ఉన్నా కేజీకి అటూ ఇటూ తూగుతుంది. 800 గ్రాములే అనుకోండి. 21.200లో అది తీస్తే 20.400. ఒక్కో ప్యాకెట్‌కి పాలిథిన్ కవరు, రెండు మూడు చుట్లు టేపు కలిపి 60 గ్రాములు వేసుకున్నా పదింటికి 600 గ్రాములు. మిగిలేది 19.800. చట్టంలో ఉన్నది ‘20 కేజీలకు మించి’ అని, సరిగ్గా 20 ఉన్నా కమర్షియల్ కాదు. 20లోపు పడితే 20(బి)(2)(బి). కనీస శిక్షే లేదు, పదేళ్ళ ‘వరకు’, జరిమానా లక్ష ‘వరకు’. వయసు, మొదటి తప్పు, జైల్లో గడిపిన కాలం, ఇవన్నీ అప్పుడు లెక్కలోకి వస్తాయి. బెయిలుకు సెక్షన్ 37 అడ్డం (నేరం చేయలేదని, మళ్ళీ చేయడని కోర్టు నమ్మితేనే బెయిలు అనే జంట షరతులు) కూడా పోతుంది.

పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారు 2020 నాటి హీరా సింగ్ తీర్పు చూపించి మొత్తం బరువు కలపాలంటారు. ఆ తీర్పు మత్తుపదార్థంలో కలిపేసిన వేరే పదార్థం గురించి. సూట్‌కేసు, బ్రౌన్ టేపు గురించి కాదు. ఈ తేడా రాతపూర్వకంగా పెట్టండి, నోటితో చెబితే ఎగిరిపోతుంది.

డిక్కీ: బ్యాగు కుర్రాడి చేతిలో లేదు, సీటు కింద లేదు. అది అతనిదే అని ఎలా తేల్చారు? లగేజీ ట్యాగు ఉందా? క్లీనర్ గుర్తుపట్టాడా? బ్యాగులో అతని బట్టలు, కాగితాలు ఉన్నాయా? లేక అతనే ‘నాది’ అన్నాడని పంచనామాలో రాసి వదిలేశారా? ఆఖరిదే అయితే అది పోలీసుల దగ్గర చెప్పిన మాట, భారతీయ సాక్ష్య అధినియమ్ 23 కింద చెల్లదు. ముద్దాయికి తెలిసే జరిగిందని కోర్టు అనుకునే ఎన్‌డీపీఎస్ సెక్షన్ 35, 54 ఊహలు పనిచేసేది ముందు స్వాధీనం రుజువయ్యాకే. 2008లో నూర్ ఆగా కేసు చెప్పింది ఇదే. 2002 అవతార్ సింగ్ కేసులో లారీలో గసగసాల పొట్టు బస్తాల మీద కూర్చున్నవాళ్ళను కూడా, అంతమాత్రాన స్వాధీనం రుజువు కాదని వదిలేశారు. అయితే ట్యాగు నంబరు అతని టికెట్‌తో కలిసిందంటే ఈ వాదనను సాగదీయకండి. తూకం మీద నమ్మకం కూడా పోతుంది.

సింగరాయకొండ:

పెద్దలు అన్నీ చెప్పారు గానీ 52ఎ వదిలేశారు. శాంపిళ్ళు రోడ్డు మీద తీశారంటే కేసు అక్కడితో సరి. 2016 మోహన్‌లాల్ (పైన చెప్పిన 2018ది వేరు), 2023 యూసుఫ్ అలియాస్ ఆసిఫ్, సిమ్రన్‌జీత్ సింగ్, ఈ మూడూ పెట్టి డిశ్చార్జ్ (చార్జెస్ లేకుండానే వదిలేయమనే పిటిషన్) వేయండి. ట్రయల్ దాకా ఎందుకు?

చీమకుర్తి రాయి:

అన్నా, అంత తేలిక కాదు. 2025 జనవరిలో భరత్ ఆంబలే కేసు చదవండి. 52ఎ పాటించకపోవడం ఒక్కటే కేసును చంపదు, మొత్తం సాక్ష్యం మీద అనుమానం కలిగేలా చూపించాలని సుప్రీంకోర్టు చెప్పింది. డిశ్చార్జ్ దశలో ఆ మూడు తీర్పులు పెడితే ‘ట్రయల్లో చూద్దాం’ అని కొట్టేస్తారు. పైగా మీ డిఫెన్స్ అంతా ముందే అవతలివాళ్ళకు అప్పజెప్పినట్టు అవుతుంది. వాళ్ళు లోపాలు సర్దుకుని వస్తారు. 52ఎను క్రాస్‌లో (సాక్షిని ఎదురు ప్రశ్నించేటప్పుడు) వాడాలి.

ఎలా వాడాలో రాస్తాను. 2022 డిసెంబరు నాటి సీజర్, శాంప్లింగ్ నియమాల ప్రకారం శాంపిల్ మేజిస్ట్రేట్ ఎదుట తీయాలి, రెండేసి చొప్పున. గంజాయికి ఒక్కో శాంపిల్ 24 గ్రాములు. ప్యాకెట్లు ఒకే సైజు, ఒకే బరువు, ఒకే గుర్తులతో ఉండి, టెస్ట్ కిట్‌లో అన్నీ ఒకే ఫలితం చూపిస్తేనే లాట్‌గా (ఒకే గుంపుగా) కలపొచ్చు. గంజాయికి లాట్ 40 దాకా పోవచ్చు కాబట్టి పది ప్యాకెట్లు ఒక లాట్ కావడం తప్పు కాదు. కానీ కిట్‌తో ఒక్కో ప్యాకెట్‌నూ పరీక్షించినట్టు కాగితం మీద ఉందా? ‘పది ప్యాకెట్లూ విప్పి ఒక పట్టా మీద పోసి కలిపి శాంపిల్ తీశాం’ అని ఉంటే మీకు మంచిది. అప్పుడు ఏ ప్యాకెట్లో ఏముందో ల్యాబ్ చెప్పలేదు. ఒక్క ప్యాకెట్ విషయం తేలకపోయినా 20 కేజీల గీత కిందికి దిగిపోతారు.

మీ పంచనామా బరువునూ మేజిస్ట్రేట్ ఇన్వెంటరీలోని బరువునూ పక్కపక్కన పెట్టి చూడండి. గంజాయి ఎండేకొద్దీ తగ్గుతుంది కాబట్టి తగ్గుదల ఒక్కటే చూపిస్తే పీపీ తేలిగ్గా జవాబు చెబుతారు. ఇన్వెంటరీలో బ్యాగు లేకుండా తూచి ఉంటే మాత్రం అదే మీ ప్రధాన కాగితం. దాని సర్టిఫైడ్ కాపీకి ఈ రోజే కాపీ అప్లికేషన్ పెట్టండి. ఇన్వెంటరీ ఫొటోల్లో కాటా డిస్‌ప్లే కనిపిస్తుంటే ఆ అంకె కూడా చూడండి. పంచనామాలో ఒకటి, ఫొటోలో ఒకటి ఉన్న ఫైళ్ళు చాలా ఉంటాయి.

ఇంకో తొందర ఉంది. ల్యాబ్ రిపోర్టు అందిన 15 రోజుల్లోపే రీటెస్ట్ పిటిషన్ వేయాలి. 2013 థానా సింగ్ తీర్పు. తర్వాత అసాధారణ కారణం ఉంటే తప్ప తీసుకోరు. మీకు కాపీలు వచ్చింది పోయిన వారమంటే మిగిలింది కొన్ని రోజులే. వేయాలా వద్దా అన్నది రిపోర్టు చూసి తేల్చుకోండి. శాంపిల్ నిజంగా గంజాయే అని మీకు తెలిస్తే రీటెస్ట్ అడిగి అవతలివాళ్ళ చేతికి రెండో పాజిటివ్ రిపోర్టు ఇవ్వడం దండగ.

రిపోర్టులో ఏం చూడాలి? మామూలుగా మైక్రోస్కోపు కింద ఆకు నూగు, డూకెన్వా రంగు పరీక్ష, టీఎల్‌సీ (పదార్థాలను విడదీసి గుర్తించే పరీక్ష) చేసి ‘గంజాయి’ అని ఒక్క ముక్క రాస్తారు. చట్టంలో గంజాయి అంటే పూత లేదా కాయ పట్టిన కొసలు. కొసలు లేకుండా విడిగా ఉన్న గింజలు, ఆకులు లెక్కలోకి రావు. శాంపిల్లో కొసలు ఉన్నాయని రిపోర్టు చెబుతోందా? పంచనామాలో ‘ఆకులు, కాడలు, గింజలతో కూడిన’ అని రాసి ఉంటే కాడల బరువు మీద కూడా ప్రశ్న వేయొచ్చు. కొసలతో కలిసి ఉన్న ఆకులు, గింజలు మాత్రం లెక్కలో కలుస్తాయి, ఆ ఆశ పెట్టుకోకండి. ఈ ఒక్క పాయింటుతోనే విడుదల రావడం అరుదు. తూకం వాదనకు బలంగా నిలబడుతుందంతే. రిపోర్టు బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 329 కింద, అనలిస్టు రాకుండానే, నేరుగా మార్క్ అవుతుంది కాబట్టి, అనలిస్టును అడగాల్సింది ఉంటే సమన్లకు విడిగా పిటిషన్ వేయాలి.

కావలి జూనియర్:

ధన్యవాదాలు సార్. పంచనామా మళ్ళీ చదివాను. పది ప్యాకెట్లూ విప్పి కలిపారనే ఉంది. కిట్ ప్రస్తావన లేదు. ట్యాగు ప్రస్తావన కూడా లేదు. ‘ప్రయాణికులను విచారించగా సదరు ముద్దాయి తడబడుతూ కనిపించగా’ అని ఉంది. బస్సు డ్రైవరు, క్లీనరు సాక్షుల జాబితాలో లేరు. వీడియో గురించి ఒక్క మాట లేదు.

పెన్నా బ్యారేజి:

తడబడటం ఏ సెక్షన్ కింద నేరమో అడగాలి వాళ్ళని. ప్రతి గంజాయి పంచనామాలోనూ ముద్దాయి తడబడుతూనే ఉంటాడు, వీఆర్వోలు అప్పుడే అటుగా పోతూనే ఉంటారు.

డ్రైవరు, క్లీనరు లేకపోవడం మీకు మంచిదే. వాళ్ళను మీరు డిఫెన్స్ సాక్షులుగా పిలవొద్దు. ఏం చెబుతారో మీకు తెలియదు.

పిలవాల్సింది రికార్డులను. ఇప్పుడే, చార్జెస్ కాకముందే, బీఎన్‌ఎస్‌ఎస్ 94 కింద పిటిషన్ వేయండి. మూడు అడగండి. ఒకటి, ఆ బస్సు నంబరు మీద టంగుటూరు, వెంకటాచలం టోల్‌ప్లాజాల ఫాస్టాగ్ టైములు. 5:30 నుంచి 8:00 దాకా బస్సు కావలి దగ్గర రోడ్డు పక్కనే ఆగి ఉంటే ఆ రెండు టోల్‌ల మధ్య అంత ఖాళీ కనపడాలి. బస్సు మామూలు టైముకే వెంకటాచలం దాటిందనుకోండి, డిక్కీ ఎదుట పంచనామా రాశామన్న మాట నిలవదు. రెండు, పట్టుకున్న అధికారి, ఇద్దరు మధ్యవర్తుల ఫోన్ల కాల్ డేటా, టవర్ లొకేషన్. కంపెనీలు రెండేళ్ళు ఉంచాలి గానీ ఆలస్యం చేయకండి. మూడు, బస్సు ఆపరేటర్ దగ్గర ఉండే ప్యాసింజర్ చార్ట్, లగేజీ వివరాలు. టోల్ సీసీ కెమెరాల దృశ్యాలు ఏడు నెలల తర్వాత ఉండవు, వాటి కోసం టైము పోగొట్టుకోకండి. రిమాండ్ మరుసటి రోజే పిటిషన్ వేసి ఉంటే దొరికేవి. ఇది చదివే మిగతా జూనియర్లు గుర్తుపెట్టుకుంటారని చెబుతున్నా.

వీడియో: 2024 జులై 1 తర్వాతి సోదాలన్నిటికీ బీఎన్‌ఎస్‌ఎస్ 105 ప్రకారం ఆడియో, వీడియో తీయాలి, ఆలస్యం లేకుండా మేజిస్ట్రేట్‌కు పంపాలి. లేదంటే కేసు దానంతట అది పోదు, కానీ ‘ఫోన్ జేబులో ఉంది, పది ప్యాకెట్లు విప్పారు, రెండు గంటలు కూర్చున్నారు, వీడియో ఎందుకు లేదు’ అన్నదానికి జవాబు ఉండదు. అయితే ఈ ‘ఎందుకు’ను సాక్షిని అడగొద్దు. అడిగితే చార్జింగ్ లేదనో, సిగ్నల్ లేదనో చెబుతాడు, ఆ జవాబు రికార్డులో కూర్చుంటుంది. ‘వీడియో తీయలేదు కదా’, ‘తీయలేదండి’. అంతే, అక్కడ ఆపేయాలి. మిగతాది ఆర్గ్యుమెంట్లలో.

క్రాస్‌కి ఇంకొన్ని:

పంచనామా, ప్యాకెట్ల మీద అతికించిన చీటీలు, శాంపిల్ కవర్లు తీసి వాటి మీద క్రైమ్ నంబరు ఉందేమో చూడండి. ఎఫ్‌ఐఆర్ కట్టింది స్టేషన్‌కు వెళ్ళాక. ఉదయం 8 గంటలకు హైవే మీద ముగిసిన పంచనామాలో, ఆ తర్వాత పుట్టిన క్రైమ్ నంబరు ఎలా ఉంటుంది? అదే సిరాతో, అదే చేతిరాతతో ఉంటే ఇంకా మంచిది. టైపు చేసిన పంచనామా అయితే ల్యాప్‌టాప్, ప్రింటర్ ఎవరు తెచ్చారో, కరెంటు ఎక్కడిదో.

కాటా ఎవరిది? ఫలానా కిరాణా కొట్టు నుంచి తెచ్చామంటారు. తెల్లవారుజామున 6 గంటలకు హైవే మీద ఏ కొట్టు తీసి ఉంది? కొట్టు యజమాని సాక్షి కాదు. కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్నట్టు పంచనామాలో లేదు. ఇవన్నీ ఒక్కో వాక్యం ప్రశ్నలుగా, ‘అవును’, ‘లేదు’ తప్ప ఇంకో జవాబు రాకుండా వేయాలి.

వీఆర్వోలను విడివిడిగా అడగాల్సింది వాళ్ళ డ్యూటీ గురించి. ఏ సచివాలయం, అక్కడికి ఎంత దూరం, ఎవరు ఎప్పుడు ఫోన్ చేశారు, దేని మీద వచ్చారు, తహసీల్దార్ రాతపూర్వక ఆదేశం ఉందా, ఇంతకు ముందు అదే స్టేషన్ కేసుల్లో ఎన్నిసార్లు సంతకం పెట్టారు. ఇద్దరి జవాబుల్లో ఒక అరగంట తేడా వస్తే చాలు. ఒకవేళ వాళ్ళు అడ్డం తిరిగినా సంబరపడకండి. పోలీసు సాక్షుల మాట నమ్మదగ్గదైతే అది చాలని 2020లో రిజ్వాన్ ఖాన్ కేసులో చెప్పారు.

సరుకు కోర్టులో చూపించారా లేదా చాలామంది వదిలేస్తారు. నాశనం చేస్తే 52ఎ కింద ఉత్తర్వు, ఫొటోలు, ఇన్వెంటరీ ఉండాలి. ఏదీ లేకుండా సరుకూ లేకపోతే 2003 జితేంద్ర, 2013 విజయ్ జైన్ తీర్పులు మీవైపు ఉన్నాయి. మాల్‌ఖానా (పట్టుబడ్డ సరుకు దాచే గది) రిజిస్టరు తెప్పించండి. సరుకు లోపలికి ఎప్పుడు వెళ్ళింది, శాంపిల్ బయటికి ఎప్పుడు వచ్చింది, ల్యాబ్‌కు ఎవరు పట్టుకెళ్ళారు, ల్యాబ్ రసీదు మీద తేదీ, సీలు వర్ణన. మధ్యలో నాలుగు రోజులు ఎక్కడా కనపడకపోతే ఆ నాలుగు రోజులే మీ ఆర్గ్యుమెంట్.

ఒక హెచ్చరిక. పట్టుకున్న అధికారి చీఫ్‌లో (తనవైపు లాయరు అడిగే మొదటి విచారణలో) పంచనామా మార్క్ చేయించేటప్పుడు లేచి నిలబడండి. అందులో సగం నేరాంగీకారమే ఉంటుంది, ‘ఏ2 ఐదువేలు ఇస్తానన్నాడు’ వగైరా. మొత్తం ఎగ్జిబిట్‌గా వెళ్ళిపోతే తర్వాత పీకడం కష్టం. చెల్లే భాగమే మార్క్ చేయాలని అడగండి, మీ అభ్యంతరం డిపాజిషన్‌లో (సాక్షి వాంగ్మూలం రాతలో) రాయించండి. ఎన్‌డీపీఎస్ సెక్షన్ 67 కింద అధికారి తీసుకునే వాంగ్మూలం కూడా 2020 తూఫాన్ సింగ్ తర్వాత నేరాంగీకారంగా పనికిరాదు.

ఉలవపాడు మామిడి:

అందరూ తూకం మీదే ఉన్నారు. నేను వయసు గురించి అడుగుతున్నా. ఆధార్ ప్రకారం 19 అన్నారు. ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉందా?

కావలి జూనియర్:

అవును సార్, జనవరి 1. బడిలో వేరే తేదీ ఉందని వాళ్ళమ్మ అంటోంది. టెన్త్ పాసయ్యాడు.

ఉలవపాడు మామిడి:

అయితే మిగతా అన్నిటికన్నా ముందు టెన్త్ మెమో తెప్పించండి. తేదీ తెలియకపోతే ఆధార్‌లో జనవరి 1 పడటం మామూలే. పైగా ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని 2024లో సరోజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అది ప్రమాద పరిహారం కేసే అయినా.

చూడాల్సింది పట్టుబడిన రోజుకు వయసు. ఈ రోజు వయసు కాదు. ఆ రోజుకు 18 నిండకపోతే ఇది ప్రత్యేక కోర్టు కేసే కాదు, బాల న్యాయ మండలి కేసు. జేజే (బాల న్యాయ) చట్టం సెక్షన్ 9(2) ప్రకారం ఈ సంగతి ఏ దశలోనైనా, తీర్పు తర్వాత అయినా, లేవనెత్తొచ్చు.

రుజువుకు వరస అదే జేజే చట్టం సెక్షన్ 94లో ఉంది. ముందు బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా టెన్త్ సర్టిఫికెట్. అది లేకపోతేనే మున్సిపాలిటీ, పంచాయతీ జనన ధ్రువపత్రం. రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఇక్కడ జనం పడే గుంత ఒకటుంది. టీసీ, అడ్మిషన్ రిజిస్టరు నకలు పట్టుకొస్తారు. అవి సెక్షన్ 94 అడిగే పత్రాలు కావని 2023 యువప్రకాశ్ కేసులో తేలింది. టెన్త్ మెమో ఉంటే ఆ గొడవే లేదు, ఎస్సెస్సీ బోర్డు ఇచ్చినది. అరెస్టు తర్వాత హడావుడిగా తీసిన లేట్ రిజిస్ట్రేషన్ జనన సర్టిఫికెట్‌ను మాత్రం దగ్గరికి రానివ్వకండి. మంచి కాగితాన్ని కూడా అది పాడుచేస్తుంది.

మెమో ప్రకారం 16 దాటి 18 లోపు అయితే, 20(బి)(2)(సి)కి కనీస శిక్ష ఏడేళ్ళ పైన కాబట్టి అది ‘హేయమైన నేరం’ కిందికి వస్తుంది. అప్పుడు సెక్షన్ 15 ప్రకారం మండలి ప్రాథమిక అంచనా వేసి, పెద్దవాడిగా విచారించాలా లేదా తేలుస్తుంది. మండలి తన దగ్గరే ఉంచుకుంటే గరిష్ఠంగా మూడేళ్ళు ప్రత్యేక గృహం. తూకం 20 లోపు తేలిందా, కనీస శిక్షే ఉండదు, పెద్దవాడిగా విచారించే ప్రశ్నే రాదు. కాబట్టి తూకం ఇక్కడా పనికొస్తుంది. బెయిలుకు జేజే సెక్షన్ 12 ఉంది, అందులో ఎన్‌డీపీఎస్ 37 లాంటి జంట షరతులు లేవు.

పిటిషన్‌లో ఒరిజినల్ మెమో, దాన్ని జారీ చేసిన వివరాలు, చదివిన హైస్కూలు హెడ్మాస్టర్‌ను సాక్షిగా పిలిపించే ప్రార్థన, మూడూ ఒకేసారి పెట్టండి. కుర్రాడు ఈలోపు పెద్దల జైల్లో ఉండకూడదు కాబట్టి సెక్షన్ 9(4) కింద రక్షణ స్థలానికి మార్చమని మధ్యంతరంగా అడగండి. మెమోలో కూడా 18 దాటి ఉంటే ఈ సంగతి ఎత్తకుండా వదిలేయండి.

చీమకుర్తి రాయి:

వయసు పాయింటు బాగుంది. అది తేలేలోపు బెయిలు సంగతి కూడా చూసుకోండి. ఇన్వెంటరీ కాపీ రాగానే ‘బ్యాగుతో సహా’ అన్న మాట మీద ప్రత్యేక కోర్టులో కొత్తగా వేయండి. అక్కడ కొట్టేస్తే నేలపాడులో హైకోర్టు. ముందు వేసిన బెయిలు పిటిషన్లు ఉంటే వాటిలో ఈ పాయింటు రాలేదని, ఇది మారిన పరిస్థితి అని స్పష్టంగా రాయండి. పాత ఉత్తర్వులన్నీ జతచేయాలి, ఒక్కటి దాచినా పిటిషన్ మొత్తం పోతుంది. జైలు నుంచి కస్టడీ సర్టిఫికెట్ తెప్పించండి. వకాల్తా మీద సంతకం కూడా సూపరింటెండెంట్ అటెస్టేషన్‌తోనే కదా, రెండూ ఒకే రోజు పెట్టుకుంటే చెముడుగుంటకు ఒక తిరుగుడు తగ్గుతుంది.

ట్రయల్ సాగుతూ పోతే 2023 మహమ్మద్ ముస్లిం తీర్పు ఉంది, విచారణ అతి ఆలస్యం అయితే 37 అడ్డం కాదని. కానీ ఏడు నెలలకు అది పనిచేయదు. దాన్ని ఇప్పుడే వాడి అరగదీయకండి.

బెయిలు వచ్చాక అసలు తిప్పలు షూరిటీలతో. కనిగిరి వైపు పొలం ఉన్నవాళ్ళు గంజాయి కేసంటే సంతకానికి రారు. ఇంటి పన్ను రసీదు, ఆధార్, అవసరమైతే తహసీల్దార్ నుంచి సాల్వెన్సీ (ఆస్తి విలువ ధ్రువపత్రం), ఇవన్నీ ఉత్తర్వు రాకముందే సిద్ధం చేయించండి. ఉత్తర్వు వచ్చి వారం దాటినా బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ న్యాయసేవాధికార సంస్థకు చెప్పాలని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఆదేశించింది. నెల దాటితే షరతులు సడలించాలా అని కోర్టే చూడొచ్చు. మీరు లీగల్ ఎయిడ్ తరఫునే ఉన్నారు కాబట్టి ఆ కాగితం కోసం ఎదురుచూడకుండా మీరే మెమో వేసుకోవచ్చు.

సింగరాయకొండ:

భరత్ ఆంబలే చదివాను, చీమకుర్తి అన్న చెప్పింది సరే. డిశ్చార్జ్ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇంకొక్కటి చేరుస్తా. ఒకవేళ శిక్షే పడితే, జరిమానా కట్టకపోతే వేసే అదనపు జైలు ఎంతో తీర్పు రోజే వినండి. లక్ష కట్టలేనివాడికి ఒక్కోసారి ఏడాది, రెండేళ్ళు వేస్తారు. 2012లో షహజాద్‌ఖాన్ పఠాన్ కేసులో మూడేళ్ళ డిఫాల్ట్‌ను ఆరు నెలలకు దించారు. శిక్ష మీద వాదన వినేటప్పుడు ఆ తీర్పు కాపీ చేతిలో ఉండాలి. హైకోర్టులో అప్పీలుకు గడువు 60 రోజులు, సర్టిఫైడ్ కాపీకి పట్టిన రోజులు అందులో కలవవు. కాబట్టి కాపీ అప్లికేషన్ తీర్పు చెప్పిన రోజే పడాలి.

కావలి జూనియర్:

రేపు ఉదయమే ఇన్వెంటరీకి కాపీ అప్లికేషన్, బీఎన్‌ఎస్‌ఎస్ 94 పిటిషన్ రెండూ పెడుతున్నాను. టెన్త్ మెమో ఒరిజినల్ కాలేజీలో ఉందట, ఇంటర్లో చేరినప్పుడు ఇచ్చారు. వాళ్ళ నాన్న సోమవారం తెస్తానన్నాడు.

ఉలవపాడు మామిడి:

ఫీజు బాకీ ఉందని కాలేజీ వాళ్ళు పట్టుకుంటే గొడవపడుతూ కూర్చోకండి. హాల్‌టికెట్ నంబరు, పాసైన సంవత్సరం చాలు, ఎస్సెస్సీ బోర్డు నుంచి డూప్లికేట్ తీసుకోవచ్చు. పిటిషన్ మాత్రం మెమో జెరాక్స్‌తోనే సోమవారం వేసేయండి. ఒరిజినల్ విచారణ రోజుకు చూపిస్తామని అందులోనే రాయండి.